రేడియోలో మొదలుపెట్టి తెర మీదికి వెళ్లడం ఎలా? కడప, కర్నూలు, అనంతపురం అమ్మాయిల కోసం

నటన మీద ఇష్టం ఉన్న అమ్మాయి కడపలోనో కర్నూలులోనో అనంతపురంలోనో ఉంటే, ఆమెకు తెలిసినవారు చెప్పే మార్గం దాదాపు ఒక్కటే ఉంటుంది: హైదరాబాదు బస్సెక్కి, కృష్ణానగర్‌లో నలుగురితో కలిసి గది తీసుకుని, ఫోటోల కవరు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం. ఆ మార్గంలో పైకి వచ్చినవారు లేకపోలేదు గాని, ఏ విద్యా పూర్తిగా పట్టుబడకుండా అక్కడికి వెళ్లినవారిలో చాలామంది డబ్బు, ధైర్యం రెండూ అయిపోయాక తిరుగు బండి ఎక్కుతారు. ఈ వ్యాసంలో వివరించేది మరొక క్రమం. ముందుగా సొంత జిల్లాలో ఉండగానే రేడియోలో మాట్లాడటం నేర్చుకోవాలి. ఆ తర్వాత రేడియో నాటకం, దాని తర్వాత డబ్బింగు, చివరగా కెమెరా. ఇది నెమ్మదైన దారే. అయినా ప్రతి మజిలీలోనూ చేతికి ఒక పని వస్తుంది, ఆ పని తర్వాతి మజిలీలో అక్కరకు వస్తుంది.

ఈ దారిలో నడిచినవారు ఎందరో ఉన్నారనడానికి కెనడా మంచి ఉదాహరణ. మన ప్రభుత్వ రేడియోకు ఆలిండియా రేడియో అన్న పేరు వచ్చిన 1936లోనే కెనడాలో సీబీసీ అనే ప్రజా ప్రసార సంస్థ ఏర్పడింది. సినిమాల్లో పేరు తెచ్చుకోవాలనుకున్న కెనడా నటీమణులు అంతకు ముందు నుంచే సరిహద్దు దాటి అమెరికాకు వెళ్లేవారు. టొరంటోలో పుట్టిన మేరీ పిక్‌ఫోర్డ్, మాంట్రియల్‌లో పుట్టిన నార్మా షియరర్ అలా వెళ్లినవారే. తర్వాత వచ్చినవారికి రేడియో ఒక మెట్టుగా దొరికింది. 1917లో వాంకూవర్‌లో పుట్టి కాలిఫోర్నియాలో పెరిగిన యాన్ రూథర్‌ఫర్డ్ రేడియో నాటకాల్లో మాట్లాడిన అనుభవంతో 1935లో సినిమాల్లోకి వచ్చారు. 1921లో విన్నిపెగ్‌లో పుట్టిన డియానా డర్బిన్ 1936లో ఎడ్డీ కాంటర్ రేడియో కార్యక్రమంలో పాడి, అదే ఏడాది చివరికి తెర మీద ప్రధాన పాత్రలో కనిపించారు. 1944 నుంచి సీబీసీలో ఆండ్రూ అలన్ నడిపిన నాటకాలు ఎందరో నటీనటులకు బడిగా ఉపయోగపడ్డాయి. 1952లో ఆ దేశంలో టెలివిజన్ ప్రసారాలు మొదలైనప్పుడు, సంభాషణ పలకడం వచ్చినవారు రేడియోలో సిద్ధంగా ఉన్నారు.

అనౌన్సరు వృత్తి విషయంలో నాకు బాగా నచ్చే కెనడా ఉదాహరణ మాత్రం ఒక పురుషుడిది. ఒట్టావాలో 1915లో పుట్టిన లార్న్ గ్రీన్ రెండో ప్రపంచ యుద్ధకాలంలో సీబీసీలో ప్రధాన వార్తా పాఠకుడిగా పనిచేశారు. యుద్ధ వార్తలు ఆ గంభీరమైన గొంతులో వినీ వినీ శ్రోతలు ఆయనకు అపశకునపు గొంతు అన్న అర్థంలో ఒక మారుపేరు కూడా పెట్టారు. ఆయన టొరంటోలో రేడియో కళలకు ఒక శిక్షణాలయం స్థాపించారు. అనౌన్సర్లకు ఇంకా ఎంత సమయం మిగిలి ఉందో తెలియడానికి వెనక్కి నడిచే స్టాప్‌వాచీని రూపొందించారు. తర్వాత అమెరికా వెళ్లి, 1959 నుంచి 1973 వరకు నడిచిన ఒక టీవీ ధారావాహికలో తండ్రి పాత్రతో ప్రపంచమంతటా తెలిసిన ముఖమయ్యారు.

తెలుగులో చూసినా కొంగర జగ్గయ్య ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివి, ఆ తర్వాత సినీ నటులయ్యారు. గొల్లపూడి మారుతీరావు ఆకాశవాణిలో రెండు దశాబ్దాలు పనిచేశారు, అందులో కొంతకాలం మన కడప కేంద్రంలో అసిస్టెంట్ స్టేషన్ డైరెక్టరుగా ఉన్నారు. నటుడిగా తెర మీదికి వచ్చింది ఆ ఉద్యోగం తర్వాతే. ప్రొద్దుటూరులో పుట్టిన శాంతకుమారి 1936లో సినిమాల్లోకి వెళ్లినప్పుడు ఆమె పెట్టుబడి కూడా గొంతే, దాని వెనుక ఉన్న సంగీత శిక్షణే. సీమ నుంచి గొంతు పట్టుకుని బయలుదేరడం కొత్త సంగతేమీ కాదన్నమాట.

ఎక్కడ మొదలుపెట్టాలి

మన మూడు ఊళ్లకూ ఆకాశవాణి ఉంది. కడప కేంద్రం మీడియం వేవ్ మీద 900 కిలోహెర్ట్జ్‌లో వినిపిస్తుంది, అనంతపురం 101.7, కర్నూలు 102.4 మెగాహెర్ట్జ్‌ల ఎఫ్.ఎం. కేంద్రాలు. మొదట చేయవలసిన పని దరఖాస్తు కాదు, వినడం. మీ జిల్లా కేంద్రం ఉదయం ప్రసారం మొదలయ్యే సిగ్నేచర్ ట్యూన్ నుంచి రాత్రి ముగింపు ప్రకటన దాకా, ఏ అనౌన్సరు ఎలా పలకరిస్తున్నారు, పాట నుంచి మాటకు ఎలా వస్తున్నారు, వ్యవసాయ కార్యక్రమంలో గొంతు ఎలా మారుతోంది, అనుకోని ఆలస్యం వచ్చినప్పుడు ఏమంటున్నారు అన్నవి కాగితం మీద రాసుకుంటూ వినాలి. గొంతు పరీక్షకు వచ్చేవారిలో కొందరు తాము ఉద్యోగం అడుగుతున్న కేంద్రాన్ని ఎన్నడూ విని ఉండరు. రెండు ప్రశ్నలు అడిగేసరికి ఆ సంగతి ఎదుటివారికి తెలిసిపోతుంది.

ఆకాశవాణి కేంద్రాలు అవసరాన్ని బట్టి క్యాజువల్ అనౌన్సర్ల కోసం నోటిఫికేషన్ ఇస్తాయి. సాధారణంగా డిగ్రీ, 20 నుంచి 50 ఏళ్ల మధ్య వయసు, స్థానిక నివాసం అడుగుతారు. ఈ షరతులు కేంద్రాన్ని బట్టి, సంవత్సరాన్ని బట్టి మారతాయి కాబట్టి మీ చేతికి వచ్చిన నోటిఫికేషన్‌లో ఉన్నదే ప్రమాణం. మొదట రాత పరీక్ష ఉంటుంది. సాధారణ జ్ఞానం, సాహిత్యం, సంగీతం, జిల్లా చరిత్ర, చిన్న అనువాదం, ఒక కార్యక్రమానికి పరిచయ వాక్యాలు రాయడం వంటివాటికి సిద్ధపడి వెళ్లాలి. అది గట్టెక్కినవారిని స్టూడియోలోకి పిలిచి గొంతు పరీక్ష చేస్తారు. ఎంపికైనవారికి వాణి అనే సర్టిఫికెట్ కోర్సు ఉంటుంది, దానికి రుసుము కట్టాలి. ఇంకా చిన్న వయసువారికి యువవాణి కార్యక్రమాలు మరింత తేలికైన ప్రవేశం. కళాశాలలో చదువుతుండగానే ఒక చర్చలోనో కవితా పఠనంలోనో పాల్గొని స్టూడియో భయం పోగొట్టుకోవచ్చు.

డబ్బు విషయం ముందే స్పష్టంగా తెలుసుకోవాలి. క్యాజువల్ అనౌన్సరుకు డ్యూటీ లెక్కన చెల్లిస్తారు, నెలకు ఆరు డ్యూటీలకు మించి ఇవ్వకపోవడం రివాజు, ఇది శాశ్వత ఉద్యోగానికి హామీ కాదు. అందువల్ల బడిలో బోధనో, బ్యాంకు పనో, ఇంటి దగ్గర ట్యూషనో చేసుకుంటూనే దీన్ని పెట్టుకోవాలి. నా దృష్టిలో ఇది లోపం కూడా కాదు. జీతం వేరేచోట నుంచి వస్తున్నప్పుడు మైకు ముందు నిశ్చింతగా నేర్చుకోగలుగుతారు. సాయంత్రం డ్యూటీ ముగిసేసరికి బాగా రాత్రవుతుంది కనుక, ఇంటికి చేరే ఏర్పాటు ఏమిటో ఒప్పుకునే ముందే అడగడం మొహమాటపడవలసిన విషయం కాదు.

గొంతు, ఉచ్చారణ, కాగితం

అసలు సాధన ఇంట్లోనే మొదలవుతుంది. బట్టల బీరువా తలుపులు తెరిచి, దానికి ఎదురుగా కూర్చుని, ఫోనులో రికార్డు చేసుకోండి. బట్టలు ప్రతిధ్వనిని పీల్చుకుంటాయి కాబట్టి గొంతు ఉన్నది ఉన్నట్లు వినబడుతుంది. ఫోను నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉండాలి. ప, ఫ, బ, భ అక్షరాలు పలికేటప్పుడు పెదవుల నుంచి గాలి ఒక్కసారిగా వచ్చి మైకును కొడుతుంది. మైకు పక్కకు ఉంటే ఆ గాలి దాటిపోతుంది. రికార్డు చేసింది వెంటనే వినకండి. మర్నాడు వింటే తప్పులు పరాయివారి తప్పుల్లా స్పష్టంగా తెలుస్తాయి.

ఉచ్చారణలో మన ప్రాంతం వారు ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినవి మూడు. మొదటిది ఒత్తులు: భారతం బారతం కాకూడదు, ధనం దనం కాకూడదు, అలాగని లేని ఒత్తు తెచ్చిపెట్టి విద్యార్థిని విధ్యార్థి చేయడం అంతకంటే పెద్ద తప్పు, పరీక్ష చేసేవారు దాన్నే ముందు పట్టుకుంటారు. రెండవది శ, ష, స తేడా. శాంతి, షష్ఠి, సంతోషం అన్న మూడు మాటలు వరుసగా పలికి మూడూ వేరుగా వినిపిస్తున్నాయో లేదో చూసుకోవాలి. మూడవది ళ, ణ. కళ్లు, కల్లు ఒకటిగా వినిపిస్తే వార్త అర్థమే మారిపోతుంది. ఊళ్ల పేర్ల విషయంలో ఉపేక్ష పనికిరాదు. ఎమ్మిగనూరు, ఆళ్లగడ్డ, ఒంటిమిట్ట, కళ్యాణదుర్గం, పెనుకొండ అన్నవి ఆ ఊరివారు ఎలా పలుకుతారో అలాగే పలకాలి, ఎందుకంటే మీ తప్పు మిగిలిన జిల్లాకు తెలియకపోయినా ఆ ఊరివారికి తప్పక తెలుస్తుంది. అంకెలు కూడా ముందే అక్షరాల్లో రాసుకోవాలి. 1,25,000 అని కాగితం మీద ఉంటే, ప్రత్యక్ష ప్రసారంలో కన్ను తడబడుతుంది. లక్షా పాతిక వేలు అని రాసి ఉంటే తడబడదు.

ఇక సీమ యాస. దాన్ని వదిలించుకోవాలని చెప్పే శిక్షకులు ఉన్నారు. నేను ఆ పక్షం కాదు. ప్రకటనలకు, వార్తలకు అందరికీ తెలిసిన శిష్ట భాష కావాలి, అందులో సందేహం లేదు. కాని అదే కేంద్రంలో రైతుల కార్యక్రమంలో, పల్లె నాటకంలో, అనంతపురం వారి సాగదీతా, కర్నూలు వారి ఉర్దూ పలుకూ, కడప వారి విరుపూ సహజంగా రాగలిగిన గొంతు కోసం వెతుకుతారు. సినిమాల్లో సీమ యాస పేరుతో వినిపించేదానిలో చాలా భాగం మీసం మెలేసే పాత్రల కోసం తయారుచేసిన కృత్రిమ భాష. నిజంగా ఆ యాసలో పుట్టి, దాన్ని అవసరమైనప్పుడు పెట్టుకుని, అవసరం లేనప్పుడు పక్కన పెట్టగలిగిన నటికి విలువ ఉంటుంది. ఆ రెండు స్వరాల మధ్య తేలికగా మారడం సాధన చేయవలసిన విషయం: ఒకే పేరా ముందు శిష్ట భాషలో, వెంటనే మీ అవ్వ మాట్లాడినట్లు చెప్పి రికార్డు చేసుకోండి.

కాగితం మీది వాక్యాన్ని చెవికి తగినట్లు మార్చడం అనౌన్సరుకు రోజూ ఉండే పని. ఉదాహరణకు ఒక పత్రికా ప్రకటన ఇలా వస్తుంది: “ఖరీఫ్ సీజనుకు గాను సబ్సిడీ విత్తన వేరుశనగ పంపిణీ నిమిత్తం అర్హులైన రైతులు సమీప రైతు సేవా కేంద్రంలో ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సు ప్రతులతో నమోదు చేసుకోవలసిందిగా అధికారులు కోరుచున్నారు.” ఇది యథాతథంగా చదివితే వినేవారికి సగం దాకా ఎవరిని ఉద్దేశించిందో తెలియదు, తెలిసేసరికి వాక్యం అయిపోతుంది. దాన్ని ఇలా మార్చుకోవచ్చు: “వేరుశనగ వేసే రైతులకు ఒక మాట. సబ్సిడీ విత్తనాలు కావాలంటే ముందుగా పేరు నమోదు చేయించుకోవాలి. దానికి మీ దగ్గరలోని రైతు సేవా కేంద్రానికి వెళ్లండి. ఆధార్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, ఈ రెండింటి జిరాక్సులు వెంట తీసుకెళ్లండి.” ఎవరికి చెబుతున్నామో ముందు వచ్చింది, ఏం చేయాలో తర్వాత వచ్చింది, తీసుకెళ్లవలసినవి చివర వచ్చాయి కాబట్టి గుర్తుంటాయి. అధికారికంగా ఇచ్చిన పాఠాన్ని మార్చే ముందు డ్యూటీ ఆఫీసరు అనుమతి తీసుకోవాలి. సొంత సాధనకు మాత్రం రోజూ దినపత్రికలో ఒక ప్రకటన తీసుకుని ఇలా తిరగరాయడం కంటే మంచి వ్యాయామం లేదు.

కాగితానికి ఒకవైపే, పెద్ద అక్షరాల్లో, వరుసల మధ్య ఖాళీ వదిలి రాసుకోండి. ఒక వాక్యం రెండు పేజీల్లోకి విరగకూడదు. ఊపిరి తీసుకునే చోట చిన్న గీత, నొక్కి పలికే మాట కింద అడ్డగీత పెట్టుకోండి. పేజీలను పిన్నుతో కలపకండి. చదివిన పేజీని తిప్పకుండా మెల్లగా పక్కకు జరపాలి, లేకుంటే ఆ గరగర మైకులో ఆకుల మీద నడిచినట్లు వినిపిస్తుంది.

స్టూడియోలో

డ్యూటీకి అరగంట ముందే చేరాలి. ఆ రోజు ఏ నిమిషానికి ఏది వెళ్లాలో క్యూ షీటులో ఉంటుంది. దాన్ని మొదటి నుంచి చివరి దాకా ఒకసారి పైకి చదవండి, ఎందుకంటే నోరు తిరగని పేరు అక్కడే బయటపడుతుంది. పాటలు, ప్రసంగాలు కంప్యూటరులో సిద్ధంగా ఉన్నాయో లేదో, ప్రతిదాని మొదటి కొన్ని సెకన్లు క్యూలో, అంటే ప్రసారంలోకి వెళ్లకుండా మీకు మాత్రమే వినబడేలా, విని చూసుకోవాలి. మైకు ఫేడరు, అంటే శబ్దాన్ని పెంచి తగ్గించే మీట, పైకి ఉన్నంతసేపు, ఎర్ర దీపం వెలుగుతున్నంతసేపు, గదిలో ప్రతి శబ్దమూ జిల్లాకంతటికీ వెళ్తుంది. గాజులు, గలగలలాడే జుంకాలు, కిర్రుమనే కుర్చీ, మోగే ఫోను, ఇవన్నీ బయటే ఉండాలి.

సమయ పాలన ఇక్కడ వచ్చే అసలు విద్య. లార్న్ గ్రీన్ వాచీ వెనక్కి నడిచేలా చేయడంలో ఉన్న ఆలోచన ఇదే: ఎంతసేపు మాట్లాడామన్నది అనౌన్సరుకు అనవసరం, ఎంత మిగిలిందన్నదే కావాలి. ఢిల్లీ నుంచో విజయవాడ నుంచో వార్తలు అందుకోవలసిన క్షణం మన కోసం ఆగదు. ఇంట్లో సాధనకు ఫోనులో కౌంట్‌డౌన్ టైమరు పెట్టుకుని, నలభై సెకన్లలో ముగియవలసిన ప్రకటనను సరిగ్గా నలభై సెకన్లకు, ఆ తర్వాత అదే విషయాన్ని ఇరవై సెకన్లకు, ఆ తర్వాత పదికి కుదించి చెప్పండి. వేగంగా చదివి కాదు, మాటలు తగ్గించి. తెలుగులో విభక్తులు, సమాసాలు చేరి మాట పొడుగవుతుంది కాబట్టి వేగం పెంచితే ముందు దెబ్బతినేది పదం చివరి అక్షరం. క్రియ వాక్యం చివర ఉండే భాషలో ఆ చివరి అక్షరం మింగేస్తే జరిగిందో జరగలేదో కూడా శ్రోతకు తెలియదు.

తప్పు దొర్లినప్పుడు “క్షమించండి” అని ఒక్కసారి చెప్పి, సరైన మాట చెప్పి ముందుకు సాగాలి. వివరణ ఇవ్వకూడదు.

అనౌన్సరు నుంచి నటికి

ప్రకటన చదవడం వచ్చినంత మాత్రాన నటన వచ్చినట్లు కాదు. ఈ రెంటి మధ్య వంతెన రేడియో నాటకం. ఆకాశవాణి నాటక కళాకారులకు ప్రత్యేకంగా ఆడిషన్ జరిపి, బి, బి హై, ఎ, టాప్ అనే గ్రేడులు ఇస్తుంది. ఒక పాత్రను వేర్వేరు వయసుల్లో, వేర్వేరు భావాల్లో పలికి చూపగలగాలి. హైదరాబాదు కేంద్రంలో శారదా శ్రీనివాసన్ దశాబ్దాల పాటు గొంతుతోనే పాత్రలకు ప్రాణం పోశారు. తెర మీదికి వెళ్లకపోతే నటి కాదనుకునేవారు ఆమె నాటకాలు వినాలి. రేడియో నాటకంలో దూరం, దగ్గర అన్నవి మైకుతోనే చూపించాలి. వాకిట్లో నుంచి పిలిచే తల్లి మైకుకు రెండడుగులు వెనక్కి, ముఖం పక్కకు తిప్పి పిలుస్తుంది. చెవిలో రహస్యం చెప్పే చెల్లెలు మైకు దగ్గరికి వచ్చి గొంతు బాగా తగ్గిస్తుంది. ఏడుపు సన్నివేశంలో నిజంగా ఏడిస్తే మాట వినబడదు. ఊపిరి తెగుతున్నట్లు పలికి, మాటలను మాత్రం స్పష్టంగా ఉంచడమే అక్కడి నేర్పు.

ఆ తర్వాతిది డబ్బింగు. తెలుగు చిత్రసీమలో కథానాయికలకు గొంతు అరువివ్వడం పెద్ద వృత్తి. సరిత, రోజారమణి, గాయని సునీత వంటివారు ఆ పనిలో ఎంత పేరు తెచ్చుకున్నారో తెలిసిందే. నంది పురస్కారాల్లో ఉత్తమ మహిళా డబ్బింగ్ కళాకారిణి అనే విభాగమే ఉండేది. డబ్బింగులో కొత్తగా నేర్చుకోవలసింది పెదవుల లెక్క. తెర మీది మనిషి పెదవులు మూసిన చోట ప, బ, మ లలో ఏదో ఒకటి పడాలి. అలా పడకపోతే ఎంత భావంతో పలికినా బొమ్మకు, మాటకు పొత్తు కుదరదు. ఇంట్లో సాధనకు ఏదైనా సన్నివేశం శబ్దం తీసేసి, పెదవులు మూసుకునే చోట్లు గుర్తించి, వాటికి సరిపడే సొంత వాక్యం రాసి పలకండి. మొదట్లో దొరికేవి గుంపులో అరుపులు, పక్కింటావిడ ఒక్క వాక్యం, ఆసుపత్రి నర్సు రెండు మాటలు. వాటినే బిట్లు అంటారు. వద్దనుకోకండి, స్టూడియోలో ఇంజనీరుకు, డబ్బింగు ఇన్‌ఛార్జికి మీ పేరు గుర్తుండేది ఒక్క టేకులో ముగించిన బిట్ల వల్లే. రేడియోలో అలవడిన సమయ జ్ఞానం ఇక్కడ అందరికంటే మిమ్మల్ని ముందు పెడుతుంది.

కెమెరా ముందుకు వచ్చేసరికి మాత్రం రేడియోలో నేర్చుకున్నదానిలో కొంత వదిలిపెట్టాలి. ఇక్కడే ఎక్కువమంది అనౌన్సర్లు ఆగిపోతారు. అనౌన్సరు ప్రతి మాటను శ్రోతకు అందేలా పలుకుతుంది. పాత్ర అలా పలకదు, ఎదుటి మనిషికి మాత్రమే చెబుతుంది, ఒక్కోసారి ఆ మనిషికి కూడా పూర్తిగా చెప్పదు. ప్రకటనలో వాక్యం చివర గొంతు దించడం ఒక పద్ధతిగా స్థిరపడిపోతుంది. అదే పద్ధతి సంభాషణలో వినబడితే పక్కనున్న నటుడు మాట్లాడుతుంటే మీరు వార్తలు చదువుతున్నట్లు ఉంటుంది. దీనికి నివారణ వినడమే. ఇద్దరు కూర్చుని, రాసిన సంభాషణ లేకుండా, ఒకరు అడిగితే మరొకరు జవాబు చెప్పే సాధన చేస్తూ, జవాబు చెప్పేవారి ముఖాన్నే కాక వినేవారి ముఖాన్ని కూడా ఫోనులో తీయండి. కెమెరా ఎక్కువగా వినే ముఖం మీదే ఉంటుంది. మరొకటి, రేడియోలో శ్రమ అంతా గొంతులో పెట్టి చేతులు, కనుబొమలు ఇష్టం వచ్చినట్లు ఆడించే అలవాటు చాలామందికి ఉంటుంది. దగ్గర షాటులో కనుబొమ కాస్త లేచినా తెర నిండా లేస్తుంది. శబ్దం తీసేసి మీ వీడియో చూసుకుంటే ఈ దోషం ఎంత ఉందో తెలిసిపోతుంది.

టీవీ ధారావాహికల సెట్లలో సహాయ దర్శకుడు పక్క నుంచి సంభాషణ అందిస్తుంటే నటులు దాన్ని పలకడం మామూలు. రేడియో నుంచి వచ్చినవారికి ఇది మొదట చికాకుగా ఉంటుంది, ఎందుకంటే వారికి కాగితం అలవాటు. సంభాషణను రాత్రే తెప్పించుకుని కంఠతా పట్టడం ఉత్తమం, దొరకని రోజున ప్రాంప్టరు గొంతును విని, ఆయన స్వరాన్ని మాత్రం అనుకరించకుండా సొంతంగా పలకడం నేర్చుకోవాలి.

అవకాశాలు, ఒప్పందాలు, మోసాలు

మీ దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండవలసినవి నాలుగు చిన్న ఫైళ్లు: నిమిషం నిడివి గొంతు నమూనా (అందులో ఒక ప్రకటన, ఒక వార్త, ఒక నాటక సంభాషణ, సీమ యాసలో ఒక ముక్క), మేకప్పు తక్కువగా ఉన్న రెండు మూడు ఫోటోలు, ముఖం స్పష్టంగా కనబడే పరిచయ వీడియో, చేసిన పనుల జాబితా. గొంతు నమూనాకు నేపథ్య సంగీతం కలపకండి, వినేవారికి కావలసింది మీ గొంతు మాత్రమే.

అవకాశం ఇస్తామని ముందుగా డబ్బు అడిగేవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు. రిజిస్ట్రేషన్, పోర్ట్‌ఫోలియో, వర్క్‌షాప్, కో-ఆర్డినేషన్ అంటూ పేరు ఏది పెట్టినా నటికి పని ఇచ్చేవాడు నటికి చెల్లిస్తాడు గాని నటి దగ్గర తీసుకోడు. కళాకారుల సంఘంలో సభ్యత్వ రుసుము అన్నది వేరే సంగతి, దానికి రసీదు, సభ్యత్వ కార్డు ఉంటాయి. ఆడిషనుకు హోటలు గదికి రమ్మంటే వెళ్లకండి. ఆఫీసుకు, పగటిపూట, ఇంట్లో ఒకరికి చిరునామా చెప్పి, వీలైతే తోడు తీసుకుని వెళ్లండి. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం సినిమా సెట్టుకూ, రేడియో స్టూడియోకూ, ఒకరోజు పనిచేసే క్యాజువల్ కళాకారిణికీ కూడా వర్తిస్తుంది. పదిమంది లేదా అంతకు మించి పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండాలి, అది లేనిచోట జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు.

పని ఒప్పుకునేటప్పుడు ఎన్ని రోజులు, రోజుకు ఎంత, చెల్లింపు ఎప్పుడు, ప్రయాణం, బస ఎవరివి, టైటిల్సులో పేరు పడుతుందా అన్నవి కనీసం వాట్సాప్ సందేశంలోనైనా రాయించుకోవాలి. మీ గొంతును కంప్యూటరుతో తిరిగి తయారుచేసే హక్కు ఇస్తున్నట్లు ఒప్పందంలో ఏదైనా వాక్యం ఉందేమో ఈ మధ్య ప్రత్యేకంగా చూసుకోవలసి వస్తోంది. అర్థం కాని వాక్యం కింద సంతకం పెట్టకుండా ఒక వకీలుకు చూపించండి. ఆకాశవాణిలో పనిచేస్తూ బయటి ప్రకటనలకు, రాజకీయ ప్రచారాలకు గొంతు ఇవ్వాలంటే ముందుగా కేంద్రాన్ని అడిగి తెలుసుకోవాలి.

హైదరాబాదుకు మకాం ఎప్పుడు మార్చాలన్నది అందరూ అడిగే ప్రశ్న. వరుసగా కొన్ని నెలలు అక్కడి పని మీద వచ్చిన డబ్బుతో అక్కడి అద్దె, భోజనం గడిచిపోతున్నాయని లెక్క తేలినప్పుడు మార్చవచ్చు, అంతకుముందు వద్దు. అప్పటిదాకా కడప, కర్నూలు వారికి వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్, అనంతపురం వారికి బెంగళూరు నుంచి వచ్చే కాచిగూడ బండి ఉన్నాయి. రాత్రి ఎక్కి తెల్లవారి దిగి, డబ్బింగు పని చూసుకుని మళ్లీ రాత్రి బండికి తిరిగి వస్తే, మర్నాడు సాయంత్రం డ్యూటీకి స్టూడియోలో ఉండవచ్చు.